ఒక అణా ఏ పద్దు కింద? మద్రాసు రాజధానిలో పన్నుల తగవు

1920 సెప్టెంబరు 16న మద్రాసు కార్పొరేషన్ కౌన్సిలు ఒక చిన్న తీర్మానం చేసింది. థౌజండ్ లైట్స్ పేటలోని కార్పొరేషన్ బడి పిల్లలకు ఫలహారం పెట్టాలని, ఆ ఖర్చు ఒక్కొక్కరికి రోజుకు ఒక అణా దాటకూడదని దాని సారాంశం. కౌన్సిలు అధ్యక్షులు పిట్టి త్యాగరాయ చెట్టి. తెలుగు మాట్లాడే దేవాంగ కుటుంబంలో పుట్టి, జస్టిస్ పార్టీని నిలబెట్టిన ముగ్గురిలో ఒకరైనవారు. బడికి రావలసిన పిల్లలు బీదవాళ్లనీ, ఆకలివల్లే హాజరు పడిపోతున్నదనీ ఆయన వాదన. ఫలహారం మొదలైంది. తరువాత మరి 4 బడులకు విస్తరించింది. ఆ 5 బడుల్లో పిల్లల సంఖ్య 1922-23లో 811 ఉండగా 1924-25 నాటికి 1,671 అయింది.

1925 ఏప్రిల్ 1న ఫలహారం ఆగిపోయింది. ఫలితం లేదని ఎవరూ అనలేదు. ప్రాథమిక విద్యానిధినుంచి తిండికి ఖర్చు పెట్టడం చెల్లదని ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. పద్దు తప్పు, అంతే. త్యాగరాయ చెట్టి అదే సంవత్సరం కన్నుమూశారు. కొంతకాలానికి పథకాన్ని తిరిగి తెచ్చి సుమారు 1,000 మంది పిల్లలకు వర్తింపజేశారు గాని, ఆ మధ్యకాలంలో బడి మానిన పిల్లలు ఏమయ్యారో ఏ పద్దులోనూ రాయరు.

పన్నులు తగ్గించాలా, పేదలకు సౌకర్యాలు పెంచాలా అన్నది పార్టీల మధ్య ఎప్పటినుంచో ఉన్న తగవు. ఒక పక్షం పన్ను కట్టేవాడి వైపు, మరో పక్షం పేదవాడి వైపు అన్నట్టు దాన్ని చెప్పుకోవడం మనకు అలవాటు. మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీని తెలుగులో ఆ రోజుల్లో అలాగే పిలిచేవారు) చరిత్ర చూస్తే మాకు ఆ విభజన నిలబడేట్టు కనిపించదు. రెండు పక్షాలూ పేదవాడి పేరే చెప్పాయి. తేడా అంతా ఆ రూపాయి ఎవరి మొలనుంచి వస్తుందన్న దగ్గరే. ఈ సంగతి మన విద్యార్థులకు ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. బళ్లారి 1953 దాకా, బరంపురం 1936 దాకా ఆ రాజధానిలోవే. హోసూరు, కృష్ణగిరి, కోయంబత్తూరు, మదురైలు సరేసరి. మీ తాతలు ఏ రాష్ట్రంలో స్థిరపడినవారైనా, వారిలో చాలామంది కట్టిన పన్నులు ఒకప్పుడు ఒకే ఖజానాకు చేరాయి.

ఫలహారాన్ని ఆంగ్లప్రభుత్వం ఆపించిందని రాయడం పరిపాటి. మాట అబద్ధం కాదు, కాని సగమే నిజం. 1919 చట్టం తెచ్చిన ద్వంద్వ ప్రభుత్వంలో విద్య, స్థానిక పరిపాలన, ప్రజారోగ్యం, ఆబ్కారీ శాఖలు భారతీయ మంత్రులకు అప్పగించినవి. భూమిశిస్తు, పోలీసు, ఆర్థికం గవర్నరు దగ్గరే ఉన్నాయి. 1925లో మద్రాసులో మంత్రులు జస్టిస్ పార్టీవారే; ముఖ్యమంత్రి పానగల్లు రాజా పానగంటి రామారాయణింగారు, విద్యామంత్రి గంజాం ప్రాంతానికి చెందిన ఎ. పి. పాత్రో. అంటే ఫలహారం పెట్టినది ఆ పార్టీ పెద్దే, అది ఆగినప్పుడు విద్యాశాఖలో ఉన్నదీ ఆ పార్టీ మంత్రే.

అభ్యంతరాన్ని కూడా వెంటనే కొట్టిపారేయనక్కరలేదు. 1920 ప్రాథమిక విద్యాచట్టం స్థానిక సంస్థలకు విద్యాపన్ను వేసుకునే అధికారం ఇచ్చింది. బడి కోసమని వసూలు చేసిన డబ్బు బడికే వాడాలని పన్ను కట్టినవాడు అడిగితే అది అన్యాయం కాదు. ఆ నియమం లేకపోతే ఆ డబ్బు రోడ్డు గుత్తేదారుకూ వెళ్లవచ్చు. కాని ఆకలితో ఉన్న పిల్లకు పలక కొనివ్వడం విద్య అవుతుంది, ఇడ్లీ పెట్టడం విద్య కాదు అన్నది లెక్కలు చూసేవాడికి మాత్రమే అర్థమయ్యే తేడా.

ఒక చిన్న లెక్క వేసి చూశాం. 1,671 మంది పిల్లలు, అందరికీ పెట్టారనే అనుకుందాం, రోజుకు తలకు అణా, బడి 200 రోజులు. రూపాయికి 16 అణాలు కనుక సంవత్సరానికి 21,000 రూపాయలకు లోపే. అదే దశకం మొదట మద్రాసు రాజధాని కేంద్రానికి ఏటా కట్టవలసిన వంతు 348 లక్షలు. మెస్టన్ కమిటీ నిర్ణయించిన ఈ వంతుల మొత్తం 983 లక్షలు. అన్ని రాష్ట్రాలలోకీ మద్రాసు వంతే పెద్దది. ఆదాయపు పన్ను, సుంకాలు, ఉప్పు పన్ను నేరుగా ఢిల్లీకి పోగా, మిగిలినదానిలోనుంచి మళ్లీ ఇది. క్రమంగా తగ్గిస్తూ వచ్చి ఆ దశకం చివరకు దీన్ని ఎత్తివేశారుగాని, మంత్రుల తొలి సంవత్సరాలు ఈ బరువు కిందే గడిచాయి. కనుక 21,000 రూపాయలకు పద్దు దొరకని ప్రభుత్వాన్ని కేవలం పిసినారి ప్రభుత్వమని అనలేం. ఖజానా తాళం మరొకరి చేతిలో ఉన్న ప్రభుత్వం అది.

మంత్రుల చేతిలో పెరగగల ఆదాయం ఏది? భూమిశిస్తు వారిది కాదు. పైగా అది 30 ఏళ్లకొకసారి చేసే బందోబస్తుతో కట్టుబడి ఉంటుంది. మిగిలింది ఆబ్కారీ. కల్లు, సారా దుకాణాల వేలంపాట, చెట్టు పన్ను, సారాపై సుంకం. రాజధాని రాబడిలో సుమారు నాలుగో వంతు దాకా దీనినుంచే వచ్చేది. చట్టంలో ఈ రూపాయి ఈ ఖర్చుకే అన్న లంకె లేదు, ఖజానా ఒకటే. అయినా విద్యాశాఖ, ఆబ్కారీ శాఖ రెండూ మంత్రుల వైపే పడడంతో వాడుకలో లంకె ఏర్పడింది. బడులు పెరగాలంటే కల్లు అమ్మాలి. గీతగాడి దగ్గర సాయంత్రం ముంత తాగే కూలివాడు తెలియకుండానే ఊరి పంతులు జీతంలో భాగస్వామి అయ్యాడు. 1921లో సహాయనిరాకరణవాదులు దుకాణాల ముందు పికెటింగు చేసినప్పుడు మంత్రులకు కలిగిన ఇబ్బంది ఇదే. తాగుడు మంచిదని ఎవరూ అనలేదు. తాగుడు మాన్పిస్తే బడి ఏం కావాలన్నది ప్రశ్న.

అదే 1921లో చీరాల పేరాలలో ఇంకో రకం పేచీ నడిచింది. అది మన పాఠ్యపుస్తకాలలో స్వాతంత్ర్యోద్యమ ఘట్టంగానే కనిపిస్తుంది. నిజానికి అది మొదట పన్నుల తగవు. యూనియనుగా ఉన్న ఆ ఊళ్లను కలిపి 1919లో మునిసిపాలిటీ చేశారు. మునిసిపాలిటీ అంటే నీళ్లు, వీధి దీపాలు, పారిశుధ్యం, వాటితోపాటు పన్ను. ఏటా 4,000 రూపాయలుగా ఉన్న వసూలు 40,000కు ఎగబాకింది. ఊళ్లో ఎక్కువమంది నేతపనివారు, చిన్న రైతులు. ఈ సౌకర్యాలు మాకు వద్దు, ఈ పన్నూ వద్దు అన్నారు. స్థానిక పరిపాలన మంత్రి పానగల్లు రాజా మునిసిపాలిటీ రద్దుకు ఒప్పుకోలేదు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో సుమారు 15,000 జనాభాలో అత్యధికులు ఇళ్లు వదిలి ఊరి బయట రామనగర్ అనే పాకల ఊరు కట్టుకుని 11 నెలలు ఉన్నారు. దుగ్గిరాలను అరెస్టు చేసింది చీరాలలో కాదు, బరంపురంలో. మాట్లాడరాదన్న ఉత్తర్వును అక్కడ ఆయన ధిక్కరించారు. శిక్ష అనుభవించింది తిరుచిరాపల్లి జైలులో. ఈ ఒక్క తగవు మూడు రాష్ట్రాల మన పాఠకులకు ఇంటి చరిత్రే.

థౌజండ్ లైట్స్‌నూ చీరాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే పార్టీ, ఒకే కాలం. అక్కడ సౌకర్యం పేదలకు, పన్ను మాత్రం ప్రధానంగా ఇల్లూ వ్యాపారమూ ఉన్న పట్నవాసులది. ఇక్కడ సౌకర్యమూ పన్నూ రెండూ పేదల నెత్తినే. మునిసిపాలిటీ పెట్టినవారు దుర్మార్గులు కారు. కలరా, ప్లేగు వచ్చిపోయే రోజుల్లో పారిశుధ్యం తక్కువ విషయం కాదు. అయితే ఆ సౌకర్యం కావాలో వద్దో, దాని వెల ఎంతో, చీరాల నేతగాణ్ణి అడిగినవారు లేరు. అడగవలసిన అవసరమూ లేదు, ఎందుకంటే ఆనాడు ఓటు పన్ను కట్టేవారిలోనూ పైమెట్టువారిదే. శాసనమండలిలో పన్ను తగ్గింపు అన్న మాట వినబడినప్పుడల్లా అది చాలావరకు శిస్తు తగ్గింపు. 1920ల చివర కృష్ణా, గోదావరి జిల్లాలలో బందోబస్తు సవరించి శిస్తు పెంచబోయినప్పుడు రేగిన ఆందోళన పెద్దది, న్యాయమైనది కూడా. కాని పట్టా లేని పాలేరుకు శిస్తు తగ్గితే ఏమి ఒరుగుతుంది? ఈ ప్రశ్న మండలిలో అరుదుగానే వినిపించింది.

1935 చట్టం వచ్చాక ఓటర్ల సంఖ్య కొన్ని రెట్లు పెరిగింది. 1937 ఎన్నికలలో మద్రాసు శాసనసభ 215 స్థానాలలో కాంగ్రెసు 159 గెలిచింది. బొబ్బిలి రాజా తన సొంత బొబ్బిలిలోనే వి. వి. గిరి చేతిలో ఓడిపోయారు. జూలైలో చక్రవర్తి రాజగోపాలాచారి ప్రధానమంత్రిగా (రాష్ట్ర ముఖ్యమంత్రిని అప్పుడు అలాగే అనేవారు) మంత్రివర్గం ఏర్పడింది. ఆర్థికశాఖను ఆయన తన దగ్గరే ఉంచుకున్నారు. రెవెన్యూ ప్రకాశం పంతులుగారిది, కార్మికశాఖ గిరిగారిది, స్థానిక పరిపాలన బెజవాడ గోపాలరెడ్డిగారిది.

1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధం అమలులోకి వచ్చింది. నాటి సేలం జిల్లా అంటే నేటి సేలం, నామక్కల్, ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలు. హోసూరు తాలూకా అందులోదే. రాజాజీ పుట్టిన తొరపల్లి హోసూరు దగ్గర పల్లె. సేలం మునిసిపాలిటీకి ఆయన అధ్యక్షులుగా ఉన్నారు, తిరుచెంగోడు దగ్గర గాంధీ ఆశ్రమం నడిపారు. కనుక ప్రయోగానికి సొంత జిల్లానే ఎంచుకున్నారు. 1938 అక్టోబరులో చిత్తూరు, కడప జిల్లాలకు, 1939 అక్టోబరులో ఉత్తర ఆర్కాటుకు విస్తరించారు. గమనించండి, ఈ నాలుగూ తెలుగు, తమిళం కలిసి బతికే జిల్లాలో, వాటి సరిహద్దున ఉన్నవో.

దీన్ని నీతి సంస్కరణగానే చరిత్రలో రాస్తారు. మేము మరొక మాట చేర్చదలచాం. ఇది పన్ను తగ్గింపు కూడా, అదీ అట్టడుగువాడికి. సారా మీద సుంకమూ పాటదారు లాభమూ కలిపి కూలివాడి కూలిలోనుంచి రోజూ పోయేది పోకుండా నిలిపితే అది జొన్నలుగానో బియ్యంగానో ఇంటికి చేరుతుందన్నది ప్రభుత్వపక్షం వాదన. అది వట్టి ఉపన్యాసం కాదు. దుకాణం మూతపడిన ఊళ్లో అప్పు తగ్గి తిండి పెరిగితే దాన్ని ఏ బడ్జెటులోనూ ఆదాయంగా చూపరు గాని ఇంటి ఆడవాళ్లకు తెలుస్తుంది.

ప్రతిపక్షం ప్రశ్నలూ వట్టివి కావు. పోయిన రాబడి ఎవరు పూడుస్తారు? బడులకు, ఆస్పత్రులకు కోత పెడతారా? నిషేధం అమలుకు పోలీసు ఖర్చు ఎంత? దొంగసారా ఆగుతుందా? ఇక గీతపనివారి మాట. చెట్టెక్కి బతికే కుటుంబాలకు ఒక్క ఉత్తర్వుతో జీవనం పోతుంది. తాగేవాడి పన్ను తగ్గింది సరే, గీసేవాడి కూడు పోయింది. ఆ ఇద్దరూ ఒకే పల్లెలో, చాలాచోట్ల ఒకే భాష మాట్లాడే బీదవాళ్లే.

రాబడి పూడ్చడానికి 1939లో కొత్త పన్నులు వచ్చాయి. పొగాకు అమ్మకాలపై, మోటారు పెట్రోలుపై, వినోదాలపై వేశారు. వీటన్నిటికంటె పెద్దది సాధారణ అమ్మకం పన్ను. భారతదేశంలో అన్నిరకాల సరుకుల అమ్మకంపై వేసిన మొదటి పన్ను ఇదే. ఏడాదికి 10,000 రూపాయల లోపు వ్యాపారం చేసే చిన్న దుకాణదారుకు మినహాయింపు. 10,000 నుంచి 20,000 దాకా నెలకు 5 రూపాయలు. ఆ పైన మొత్తం అమ్మకాల మీద అర శాతం. అణాకు 12 దమ్మిడీలు, రూపాయికి 192. కనుక అర శాతమంటే రూపాయికి ఒక దమ్మిడీకి కాస్త తక్కువ.

దమ్మిడీ కోసం అంత గొడవ ఎందుకని విద్యార్థులు అడుగుతారు. ఈ పన్ను సరుకు చేయి మారినప్పుడల్లా పడుతుంది. గుంటూరు మిరపకాయ కమీషను వ్యాపారి దగ్గరనుంచి టోకు వర్తకుడికి, అతని దగ్గరనుంచి మద్రాసు కొత్వాల్ చావడి వర్తకుడికి, అక్కడనుంచి పేటలోని పెద్ద దుకాణానికి చేరేసరికి మూడు నాలుగు దమ్మిడీలు. వర్తకుడు తన జేబునుంచి కట్టడు, ధరలో కలుపుతాడు. అప్పుడు కట్టేది మిరపకాయ కొన్నవాడు, తాగినా తాగకపోయినా. వర్తకులు ఎదురు తిరిగారు, హర్తాళ్లు జరిగాయి. సభలో ప్రతిపక్షం వర్తకులతోపాటు కొనుగోలుదారు పక్షమూ మాట్లాడింది. పేదవాడి సారా పన్ను తీసి పేదవాడి చింతపండు మీద వేశారన్నది ఆ వాదన సారం. ప్రభుత్వం చెప్పిన జవాబు: సారా పన్ను ఒక్క పేదవాడిదే, ఇది అందరిదీ, ఎక్కువ కొనేవాడు ఎక్కువ కడతాడు.

ఈ రెండిటిలో ఏది సరి? మా అభిప్రాయం చెబుతాం. తాగే కుటుంబానికి లెక్క లాభమే; తాగని పేద కుటుంబానికి కొద్దిగా నష్టం. శిస్తుదారుకు, పట్నంలో ఇళ్లున్నవారికి, పెద్ద జీతాలవారికి దమ్మిడీ తప్ప ఏ తేడా లేదు. అది మాత్రం విధిలేక జరిగినది కాదు. అదే కాంగ్రెసు, అదే కార్యక్రమం బొంబాయిలోనూ ఉంది. అక్కడ 1939 ఆగస్టు 1న నగరంలో నిషేధం మొదలుపెట్టినప్పుడు రాబడి పూడ్చడానికి పట్టణ స్థిరాస్తుల మీద 10 శాతం పన్ను వేశారు. మిల్లుల్లో, కట్టుబడి పనుల్లో ఉన్న తెలుగు కూలీలకు సారా పోయింది, వారి తరఫున పన్ను కట్టింది ఇళ్ల యజమానులు. కొంతమంది అద్దెల్లో రాబట్టుకునే ఉంటారు, కాని మొదటి దెబ్బ ఆస్తి మీద పడింది. మద్రాసు దుకాణాన్ని ఎంచుకుంటే బొంబాయి ఇంటిని ఎంచుకుంది. ఒకే పార్టీ రెండు సంచులు వెతుక్కుందంటే సంచి ఎంపికే అసలు రాజకీయమని తెలుస్తుంది.

ఇక్కడ మన సంగతి కొంత మాట్లాడుకోవాలి. తమిళదేశంలో తెలుగువారి చరిత్ర రాసేటప్పుడు త్యాగరాయ చెట్టిగారినీ, మొదటి ముఖ్యమంత్రి కడలూరు సుబ్బరాయలు రెడ్డియారునీ, పానగల్లు రాజానూ పేర్కొని గర్విస్తాం. గర్వించవలసినవారే. అయితే అమ్మకం పన్నుకు ఎదురు నిలిచిన వర్తకుల్లో కోమట్లు ఉన్నారు, శిస్తు తగ్గించమన్న రైతుల్లో రెడ్లు, కమ్మవారు, నాయుళ్లు ఉన్నారు. కోయంబత్తూరు, సేలం, మద్రాసు వీధులు ఊడ్చి, తోలుపని చేసి బతికిన అరుంధతీయుల ఇళ్లలోనూ వినిపించేది తెలుగే. శాసనమండలిలో వారి పిల్లల ఫలహారం గురించి జరిగే చర్చ వారికి అర్థమయ్యే భాషలో ఎన్నడూ జరగలేదు. భాష ఒకటైనంత మాత్రాన సంచి ఒకటి కాదు. భాషాసంఘాల చరిత్రలో ఈ భాగం తరచు ఖాళీగా ఉంటుంది. దానిని నింపవలసినవారు మీరే, మీ ఇళ్లలో ముసలివాళ్లను అడిగి.

1939 అక్టోబరు చివర మంత్రివర్గం రాజీనామా చేసింది. యుద్ధకాలంలో గవర్నరు ప్రభుత్వం మద్యనిషేధాన్ని నిలిపివేసి ఆబ్కారీ రాబడిని తిరిగి తెచ్చుకుంది. దాని లోటు పూడ్చడానికని తెచ్చిన అమ్మకం పన్నును మాత్రం వదలలేదు. పన్ను పుట్టిన కారణం పోయినా పన్ను పోకపోవడం ఆర్థికచరిత్రలో కొత్త కాదుగాని ఇంత త్వరగా, ఇంత స్పష్టంగా కనబడటం అరుదు. 1946లో నిషేధం మళ్లీ మొదలై, ఓమండూరు రామస్వామి రెడ్డియార్ ప్రధానమంత్రిగా ఉండగా 1948 అక్టోబరు 2 నాటికి రాజధాని అంతటికీ వ్యాపించింది. ఆపాటికి అమ్మకం పన్ను చెట్టంత అయింది, రేట్లు పెరిగాయి. ఆబ్కారీ లేకుండా రాష్ట్రం నడవగలిగిందంటే ఆ దమ్మిడీల పుణ్యమే.

కొత్తగా ఏర్పడిన ఆంధ్రరాష్ట్రం ఆ వారసత్వాన్ని నిషేధంతో సహా తీసుకుంది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా, లోటు బడ్జెటుతో అది మొదలైంది. నిషేధం సంగతి చూడమని ఎస్. వి. రామమూర్తి కమిటీని వేశారు. కమిటీ నిషేధం విఫలమైంది, ఎత్తివేయండి అంది. ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం దానిని అమలు చేయలేదు. గీతపనివారు సత్యాగ్రహానికి దిగారు, గౌతు లచ్చన్న వారి పక్షాన నిలిచారు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గి ప్రభుత్వం పడిపోయింది. 1937 మంత్రివర్గంలో రెవెన్యూ చూసిన పెద్దమనిషి, 17 ఏళ్ల తరువాత అదే తగవులో పదవి పోగొట్టుకున్నారు. ఆనాడు ఆయనకు వ్యతిరేకంగా ఓటు వేసినవారంతా తాగుడు పక్షమని అనుకుంటే పొరపాటు. చెట్టెక్కేవాడి కూడు గురించి ఓటు వేసినవారున్నారు, రాష్ట్ర రాబడి గురించి వేసినవారున్నారు, ప్రభుత్వం పడితే చాలని వేసినవారూ ఉన్నారు.

అప్పటినుంచి కథ వేగంగా చెప్పుకోవచ్చు, ఎందుకంటే మలుపులు కొత్తవి కావు. కామరాజ్ 1956లో బడి భోజనాన్ని రాష్ట్రవ్యాప్తం చేయడానికి పూనుకుని, మొదట చందాలతో నడిపించారు. తమిళనాడు 1971లో నిషేధం సడలించింది. ఎం. జి. రామచంద్రన్ ప్రభుత్వం 1981లో కల్లు, సారా దుకాణాలు తెరిచింది. 1982 జూలై 1న పౌష్టికాహార పథకం మొదలుపెట్టింది. మరుసటేడు 1983 ఏప్రిల్ 14న ఆంధ్రప్రదేశ్‌లో ఎన్. టి. రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం ఇచ్చింది, తలకు 5 కిలోల వంతున ఇంటికి 25 కిలోల దాకా. ఆ బియ్యం సబ్సిడీ పక్కనే సారా రాబడి పెరిగింది. వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే సారా సరఫరా చేసింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు తిరగబడ్డారు. వారు అడిగింది ఈ వ్యాసం మొదటినుంచి మేము అడుగుతున్నదే: ఇంటాయన సారాకు పోసిన డబ్బే మా బియ్యంగా తిరిగి వస్తుంటే ఇచ్చింది ఎవరు, తీసుకుంది ఎవరు? 1993లో సారాను, 1995 జనవరి 16 నుంచి మద్యం మొత్తాన్ని నిషేధించారు. 1996లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం బియ్యం ధరను 3.50 రూపాయలు చేసింది. 1997లో నిషేధం సడలించారు. సారా రూపాయి పోయినప్పుడు బియ్యం రూపాయి పెరిగింది. ఆ సంవత్సరాల బడ్జెటు చర్చల్లో పార్టీలు ఒకరినొకరు పేదల శత్రువులని అన్నాయిగాని, 1939లో బొంబాయివారు వెతికినట్టు మరో సంచి వెతికినవారు తక్కువ.

మద్రాసు 1939లో పెట్టిన అమ్మకం పన్ను, రూపం మారుతూ, ఆంధ్రప్రదేశ్‌లో 2005లోను తమిళనాడులో 2007లోను విలువ ఆధారిత పన్నుగా మారింది. 2017 జూలై 1న అది వస్తుసేవల పన్నులో కలిసింది. రాష్ట్రాలు మిరపకాయ మీదా చింతపండు మీదా సొంతంగా పన్ను వేసే అధికారాన్ని ఆనాడు వదులుకున్నాయి. తాగే మద్యం మీద పన్నును మాత్రం ఆ కొత్త పన్నులో కలపనివ్వలేదు; అది రాష్ట్రాల చేతిలోనే ఉంది. 2022 సెప్టెంబరు 15న తమిళనాడు ప్రభుత్వం ప్రాథమిక పాఠశాలల పిల్లలకు ఉదయపు ఫలహారం మొదలుపెట్టింది, మదురైలో. థౌజండ్ లైట్స్ తీర్మానానికి మరునాటికి 102 ఏళ్లు నిండుతాయి.